నాలుగో ఆవిరి టోయ్వోది

ఆ ఆవిరి గదికి మంచి పేరు లేదు.

మిషిగన్‌లోనే ఉత్తరాన, పెద్ద వంతెన దాటాక ఇంకా నాలుగైదు గంటలు పోతే ఒక సరస్సు వస్తుంది. చలికాలంలో అది సరస్సులా ఉండదు, తెల్లటి మైదానంలా ఉంటుంది. ఒడ్డున అద్దెకిచ్చే ఇల్లు ఒకటి. ఇంటికి వంద అడుగుల దూరంలో, సరస్సు వైపు దిగే వాలు మీద, దుంగలు పేర్చి కట్టిన చిన్న గది. లోపల మెట్లలా ఒకదాని పైన ఒకటి బల్లలు, కట్టెల పొయ్యి. పొయ్యి మీద రాళ్ళ గుట్ట. రాళ్ళు బాగా కాలాక వాటి మీద చెంబుడు నీళ్ళు పోస్తారు. బుస్సుమని ఆవిరి లేస్తుంది. దాన్ని సౌనా అంటారు. మనం ఇడ్లీలను ఉడికించినట్టు అక్కడ మనుషులు తమను తాము ఉడికించుకుంటారు. ఒక వాయి, కాసేపు చలిగాలి, మళ్ళీ ఇంకో వాయి.

మూడు వాయిల వరకు భయం లేదట.

నాలుగోది మాత్రం... టోయ్వోది.

టోయ్వో అంటే ఆ గది కట్టినవాడు. శనివారం రాత్రి నాలుగో ఆవిరికి ఎవరైనా కూర్చుంటే, వాళ్ళ పక్కన వచ్చి కూర్చుంటాడని ఆ చుట్టుపక్కల పేరు. రెండేళ్ళ కిందట ఒహాయో నుంచి వచ్చిన భార్యాభర్తలు తువ్వాళ్ళతో మంచులోకి పరుగెత్తి, సామాను కూడా తీసుకోకుండా కారెక్కి పోయారు. ఒక వేటగాడు, ఆరున్నర అడుగుల మనిషి, ఎలుగుబంటికి కూడా భయపడనివాడు, పై బల్ల మీద తెల్లటి ముసలివాణ్ణి చూశాడు. అప్పటి నుంచి అతను తన ఇంట్లో స్నానం కూడా తలుపు తీసిపెట్టుకునే చేస్తున్నాడట.

అందరూ చెప్పేది ఒకటే వరస. ముందు తల బరువెక్కుతుంది. తర్వాత చెవుల్లో హోరు. తర్వాత... ఆయన.

ఈ సంగతి నాకు చెప్పింది నళిని. ఆమె తమ్ముడు జగన్మోహన్ కూడా చెప్పాడు గానీ, అతను చెప్పినదాంట్లో దెయ్యం ఎత్తు పన్నెండు అడుగులు. అందుకని నళిని చెప్పినదే రాస్తున్నాను. ఆమె లేనిది కలపదు, ఉన్నది దాచదు.

నళిని భర్త దామోదర్‌ది ట్రాయ్ అనే ఊళ్ళో ఉద్యోగం. కార్లకు బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. వయసు యాభై ఒకటి. రక్తపోటు ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాడు. మంచివాడే. కానీ ఎవరైనా ‘వద్దు’ అంటే ఆ పని వెంటనే చేసి చూపించాలనే జబ్బు ఉంది. దానికి మాత్ర లేదు.

డిసెంబరు ఆఖరి శనివారం. భార్య, కూతురు అనిక, బావమరిది జగన్మోహన్‌తో కలిసి ఆ ఇంట్లో దిగాడు. అనికకు పంతొమ్మిదేళ్ళు, ఇక్కడే పుట్టింది, కాలేజీలో చదువుతోంది.

దారిలో పాలు, గుడ్లు కొనడానికి ఒక చిన్న షాపు దగ్గర ఆగారు. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ అడిగింది:

“ఎక్కడ దిగుతున్నారు?”

“లేక్ పక్కన. సౌనా ఉన్న ఇంట్లో,” అన్నాడు దామోదర్.

ఆవిడ చేతిలో గుడ్ల అట్ట ఆగింది.

“ఇవాళ శనివారం కదా... మూడు సార్లే కూర్చోండి. నాలుగోది టోయ్వోకి వదిలెయ్యండి.”

“టోయ్వో ఎవరండీ?” అన్నాడు జగన్మోహన్.

“ఆ గది కట్టింది ఆయనే. తన ఆవిరికి తను వస్తాడు.”

అంతే. పాలు సంచిలో పెట్టింది.

కారులో జగన్మోహన్ గొంతు తగ్గించి అన్నాడు: “బావా, నాలుగోది వదిలేద్దాం.”

“ఏరా, దెయ్యానికి రిజర్వేషనా?”

“పోనీ ఇవ్వు బావా. ట్రెయిన్‌లో లోయర్ బెర్త్ అడిగితే ఇవ్వవా?”

“ఇవ్వను,” అన్నాడు దామోదర్.

సౌనా తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. అనిక ఒక్కో లైను మీద వేలు పెట్టి చదివింది. “నాన్నా, విను. ఎప్పుడూ ఒక్కడే వెళ్ళకు. ఫుల్‌గా తిని వెళ్ళకు. నీళ్ళు తాగు. ఫిఫ్టీన్ మినిట్స్ అయితే బయటికి రా. నిప్పు మొత్తం ఆరిపోయేదాకా డాంపర్ క్లోజ్ చెయ్యకు. కింద వెంట్ బ్లాక్ చెయ్యకు.”

డాంపర్ అంటే పొగ గొట్టంలో తిప్పే ఇనప రేకు. వెంట్ అంటే నేల దగ్గర గాలి వచ్చే కంత.

“అనికా,” అన్నాడు దామోదర్, “ఈ దేశంలో కాఫీ కప్పు మీద కూడా కాఫీ వేడిగా ఉంటుందని రాస్తారు. అన్నీ చదువుతూ కూర్చుంటే తాగేదెప్పుడు?”

“నాన్నా, ఇది కాఫీ కాదు.”

“పద, పద. చలేస్తోంది.”

చదువు ఎక్కువైనవాడికి హెచ్చరిక చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఇది నేను చాలామందిలో చూశాను.

మొదటి వాయి తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. పన్నెండు నిమిషాలు. బయటికి వచ్చి నీళ్ళు తాగారు, కోటు కప్పుకుని కాసేపు నక్షత్రాలు చూశారు. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోయింది అక్కడ. ఏ పనైనా వాళ్ళలా చెయ్యాలి.

రెండో వాయి బావ, బావమరిది. ఆరో నిమిషానికి జగన్మోహన్ లేచాడు.

“బావా, నేను ఉడికిపోయాను. కావాలంటే పుల్ల గుచ్చి చూసుకో.”

“కూర్చోరా! రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆడాన్నేను తెనాలిలో.”

“అప్పుడు నీకు పదమూడేళ్ళు బావా. అప్పుడు నీకు పొట్ట కూడా లేదు.”

మూడో వాయికి జగన్మోహన్ తలుపు దగ్గరే కూర్చున్నాడు, ఒక కాలు బయట పెట్టి. అయినా సరే, మూడు అయ్యాయి. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

కానీ దామోదర్‌కి ఒక ఆలోచన వచ్చింది.

శనివారం. మగవాళ్ళు తలంటు పోసుకునే రోజు. ఒళ్ళంతా నువ్వులనూనె పట్టించి ఆ వేడిలో ఒక్క పావుగంట కూర్చుంటే — పైన నిప్పుల మీద ఇంత సాంబ్రాణి వేస్తే — మహారాజులకు కూడా అలాంటి అభ్యంగనం జరిగి ఉండదని అతనికి తోచింది. మనిషి ఒంటికి అంత ముద్దు చెయ్యకూడదు. నేను తెల్లవారుజామున నాలుగున్నరకు చన్నీళ్ళు పోసుకుంటాను. ఒంటికి అది చాలు. కానీ నన్ను అడిగి అతను సౌనాకు పోలేదు కదా.

భోజనానికి ముందు ఒక్కడే ఆ గదికి వెళ్ళి మూడు పనులు చేశాడు.

పొయ్యిలో మంట లేదు. పొగ లేదు. ఎర్రటి నిప్పులు మాత్రం దండిగా ఉన్నాయి. వేడి అంతా గొట్టంలోంచి ఆకాశానికి పోతోందని గొట్టంలో రేకు మూసేశాడు. అది ఒకటి.

నేల దగ్గర కంతలోంచి చలిగాలి కాళ్ళకు కొడుతోందని పాత తువ్వాలు కుక్కాడు. అది రెండు.

బట్టలు మార్చుకోవడానికని ఉన్న ముందుగదిలో గోడకు తెల్లటి అలారం డబ్బా ఉంది, ఆ ఏడే కొత్తగా పెట్టింది. సాంబ్రాణి పొగకు అది అరుస్తుందని, దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశాడు. ఇది మాత్రం అతని ఒక్కడి తప్పు అనను. అమెరికాలో పోపు పెట్టే ప్రతి తెలుగు ఇంట్లోనూ ఆ డబ్బాకు ఏదో ఒక ముసుగు ఉంటుంది. ఉగాది పూట ఒక ఇంట్లో దానికి షవర్ క్యాప్ తొడిగి ఉండడం నా కళ్ళతో చూశాను. ఇంటిని కాపాడడానికి పెట్టినదాని నోరు మూసి, మనం మిరపకాయలు వేయిస్తాం.

మూడూ చిన్న పనులే. రెండు నిమిషాలు పట్టాయి.

ఏడు గంటలకు భోజనం. గోంగూర మాంసం. దామోదర్ రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు: “ఇంకొక్కసారి కూర్చుని వస్తా.”

నళిని గరిటె కింద పెట్టింది. “తిన్న వెంటనేనా? మీ బీపీ సంగతి ఏంటండీ? డాక్టర్ ఏమన్నాడు?”

“వద్దనలేదే! జాగ్రత్త అన్నాడు.”

“ఒంటరిగా పోవడం జాగ్రత్తా?”

“జగన్ వస్తాడు.”

“నేను రాను బావా,” అన్నాడు జగన్మోహన్. “ఆ స్లాట్ ఇంకొకాయన బుక్ చేసుకున్నాడు.”

“నాన్నా, ప్లీజ్. వద్దు,” అంది అనిక.

నాలుగు వైపుల నుంచి కాదుగాని మూడు వైపుల నుంచి ‘వద్దు’ వచ్చింది. ఇక అతను ఆగుతాడా?

“సరే, సరే. వెళ్ళను,” అన్నాడు. రెండు నిమిషాలు సోఫాలో కూర్చున్నాడు. తర్వాత లేచాడు. “కార్‌లో చార్జర్ మర్చిపోయాను. తెచ్చుకుంటా.”

పెళ్ళాంతో అబద్ధం చెప్పి గడప దాటినవాడు ఎటు పోయినా ఒక్క చోటికే చేరతాడు.

ఆ తర్వాత లోపల జరిగింది దామోదర్ చెబితేనే నళినికి తెలిసింది...

గది చీకటి. పొయ్యి తలుపు సందులోంచి ఎర్రటి గీత ఒకటి గోడ మీద పడుతోంది. తువ్వాలు చుట్టుకుని, తల నుంచి పాదాల దాకా నూనె పట్టించి, పై బల్ల ఎక్కి కూర్చున్నాడు. దిగి, పొయ్యి తలుపు తెరిచి నిప్పుల మీద సాంబ్రాణి చల్లాడు. చెంబుడు నీళ్ళు రాళ్ళ మీద పోశాడు.

బుస్సు...

“రా టోయ్వో,” అన్నాడు నవ్వుతూ. “నీ వాయి నేను తింటున్నాను.”

మళ్ళీ పై బల్ల ఎక్కి కూర్చున్నాడు.

హాయిగా ఉంది. ఒళ్ళు వదులైంది. కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి... తల బరువెక్కింది.

గోంగూర అనుకున్నాడు.

చెవుల్లో హోరు మొదలైంది. దూరంగా ఎక్కడో రైలు పోతున్నట్టు. కళ్ళు తెరిచాడు. గోడ మీద ఎర్ర గీత ఒకటి కాదు — రెండు. రెండూ కదులుతున్నాయి.

అప్పుడు వినిపించింది.

కీ... కీ... కీ... కీ...

ఆగింది.

కీ... కీ... కీ... కీ...

తలుపు అవతల, ముందు గదిలో. ఎవరో నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడుస్తున్నట్టు. సన్నగా. ఆగకుండా.

లేవాలనుకున్నాడు. మోకాళ్ళు అతని మాట వినలేదు. యాభై ఏళ్ళుగా విన్న మోకాళ్ళు. బల్ల మీద చెయ్యి ఆనించాడు — నూనె. జారింది. పై బల్ల నుంచి కింది బల్లకు, కింది బల్ల నుంచి నేల మీదకు దిగాడు. దిగడం అంటే పడడమే.

“నళినీ...” అన్నాడు. ఆ మాట అతనికే వినిపించలేదు.

బీపీ మాత్ర వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇక తెల్లవారి తనను ఇలాగే చూస్తారేమో, నూనె పట్టించిన వంకాయలా, అనుకున్నాడు. కూతురు చూస్తుంది... అనుకున్నాడు. అక్కడ మాత్రం ఏడుపు వచ్చింది.

తలుపు తెరుచుకుంది.

చప్పుడు లేకుండా. మెల్లగా.

చలిగాలితో పాటు తెల్లటి పొగమంచు లోపలికి వచ్చింది. ఆ పొగమంచులో — ఒక మనిషి. పాలిపోయిన తెల్లటి ఒళ్ళు. బొడ్డు దాకా తెల్లటి గడ్డం. తల మీద ఉన్ని టోపీ. ఆ టోపీ తప్ప ఒంటిమీద నూలుపోగు లేదు.

ముసలివాడు కిందికి చూశాడు. దామోదర్ పైకి చూశాడు.

“తాతగారూ...” అన్నాడు దామోదర్, తెలుగులోనే. “మేము అద్దెకొచ్చినవాళ్ళం... ఎల్లుండి చెకౌట్...”

ముసలివాడు ఏదో ఒక్క మాట అన్నాడు. ఇంగ్లీషు కాదు, తెలుగు కాదు. పొయ్యి దగ్గరికి పోయి గొట్టం మీద ఏదో తిప్పాడు. ఇనుము క్రీచుమని మూలిగింది. తర్వాత వంగాడు.

మంచులాంటి రెండు చేతులు దామోదర్ చీలమండలను పట్టుకున్నాయి.

అంతే. ఆ తర్వాత అతనికి ఏమీ గుర్తు లేదు.

ఇంట్లో నళిని గిన్నెలు కడుగుతోంది. తల ఎత్తితే ఎదురుగా గోడకు చార్జర్ కనిపించింది. ప్లగ్‌లోనే ఉంది. గట్టు మీద చూసింది. నూనె సీసా లేదు.

గడియారం చూసింది. ఎనిమిది దాటింది.

“ఒరేయ్ జగన్! మీ బావ!”

తలుపు దగ్గర మంచు తీసే పార ఉంది. అది అందుకుని, చెప్పులతోనే పరుగెత్తింది. జగన్మోహన్ వెనకాల ఫోన్ లైటు పట్టుకుని వచ్చాడు. అనిక అతని వెనకాల.

సగం దూరంలో ముగ్గురూ ఆగిపోయారు.

సౌనా తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి నుంచి ఆవిరి తెల్లగా పొర్లుకుంటూ వస్తోంది. ఆ ఆవిరిలోంచి — వెనక్కి నడుచుకుంటూ — ఒక తెల్లటి ఆకారం. ఒళ్ళంతా పొగలు. ఏదో ఈడుస్తోంది.

ఈడుస్తున్నది దామోదర్‌ని. కాళ్ళు పట్టుకుని.

“అక్కా...” అన్నాడు జగన్మోహన్. “ఆయన... టైముకే వచ్చాడు...”

ఆకారం ఇంకో అడుగు వెనక్కి వేసింది. అప్పుడు ఇంకో ఘోరం జరిగింది. దామోదర్ ఒళ్ళంతా నూనె. కింద గడ్డకట్టిన మంచు. ముందు సరస్సుకు దిగే వాలు. ఆకారం చేతుల్లోంచి కాళ్ళు జారాయి — దామోదర్ తనంతట తనే కదిలాడు. మెల్లగా మొదలై, వేగం అందుకుని, చేపలా సుయ్యిమని సరస్సు వైపు పోయాడు. అతనికి ఏ బ్రేకూ పనిచెయ్యలేదు. తెల్లటి ఆకారం చేతులు చాచి, గడ్డం ఎగురుతూ, వెంట పరుగెత్తింది.

జగన్మోహన్ హనుమంతుణ్ణి తలుచుకుంటూ మంచులో కూర్చుండిపోయాడు.

నళిని మాత్రం కూర్చోలేదు. దెయ్యాలంటే తనకూ భయమేనట. కానీ అప్పుడు భయపడడానికి తీరిక లేకపోయింది అంది. వాలు దిగి, ఒడ్డున పొద దగ్గర ఆగిన మొగుడికీ ఆ ఆకారానికీ మధ్య నిలబడి, పార తల పైకి ఎత్తింది.

“మా ఆయన్ని వదులు!”

ఆకారం ఆయాసపడుతూ ఆగింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. దెయ్యాలకు ఆయాసం రాదు. నళినికి అది అప్పుడే తట్టింది.

“ముందు నైన్ వన్ వన్‌కి ఫోన్ చెయ్యమ్మా,” అంది ఆకారం ఇంగ్లీషులో. “కొట్టేది తర్వాత కొడుదువు గాని.”

అనిక అప్పటికే ఫోన్ చేస్తోంది.

“నువ్వు... నువ్వు చచ్చిపోలేదా?” అంది నళిని.

“ఇంకా లేదు,” అన్నాడు టోయ్వో. “కానీ ఇలాగే నిలబెడితే పోతాను. నా కోటు ముందు గదిలో కొక్కేనికి ఉంది. తలుపు దగ్గరే. ఎవరినైనా ఊపిరి బిగబట్టి తెమ్మను. లోపల ఎక్కువసేపు ఉండొద్దు. అక్కడి గాలి విషం.”

షాపులో పెద్దావిడ టోయ్వో పోయాడని అనలేదు. ‘తన ఆవిరికి తను వస్తాడు’ అంది. చంపింది మనవాళ్ళే. ఆయనకు ఎనభై ఆరేళ్ళు. సరస్సు అవతలి ఒడ్డున ఉంటాడు. ఈ ఇల్లు తను అమ్మినప్పుడు, ప్రతి శనివారం ఆఖరి ఆవిరి తనదేనని రాయించుకున్నాడు. అద్దెకిచ్చినవాళ్ళు పంపిన కాగితాల్లో ఆఖరి పేజీలో ఈ సంగతి ఉంది. దామోదర్ రెండో పేజీ దాకా చదివాడు. వైఫై పాస్‌వర్డ్ రెండో పేజీలోనే ఉంది.

దామోదర్ మీద దుప్పట్లు కప్పారు. నళిని అతని తల ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. పాతికేళ్ళలో ఎప్పుడూ మొగుడి పేరు పెట్టి పిలవలేదట. ఆ రోజు పిలిచింది. అతని కనురెప్పలు కదిలాయి.

“వంద సార్లు చెప్పాను ఈ ఊరివాళ్ళకి,” అంటున్నాడు టోయ్వో, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. “నిప్పు కనిపిస్తూ ఉండగా రేకు మూస్తే గదిలో విషగాలి నిండుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. సెలవులకు వచ్చిన ప్రతివాడూ వేడి పోతోందని మూస్తాడు. నేను వచ్చి తెరుస్తాను. లోపల ఎవడున్నా బయటికి లాగుతాను. మీవాడు నాలుగోవాడు. పైగా అలారానికి కవరు తొడిగాడు, పాపం అది అందులోంచే అరుస్తోంది. ముందు ముగ్గురూ స్పృహ రాగానే నన్ను చూసి కేకలు పెట్టి పారిపోయారు. ఒక్కడు థాంక్స్ చెప్పలేదు.”

నళిని చెయ్యి ఖాళీ లేదు. అయినా దామోదర్ తలను జాగ్రత్తగా తమ్ముడి ఒళ్ళోకి మార్చి, లేచి, రెండు చేతులూ జోడించి ఆ ముసలాయనకు వంగి నమస్కారం పెట్టింది.

“ఇది ఏంటి?” అన్నాడు టోయ్వో అనికను చూసి.

“థాంక్స్ కంటే పెద్దది,” అంది అనిక.

అంబులెన్స్ వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే చెయ్యడానికి ఏమీ ఉండేది కాదని ఆస్పత్రిలో చెప్పారు. మన వైపు చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవకపోవడం మనకు తెలియనిది కాదు. అదే నిప్పు, అదే గాలి. సముద్రం దాటి వచ్చాం గదా అని నిప్పు మనకు మినహాయింపు ఇవ్వదు. రెండో రోజు సాయంత్రానికి దామోదర్ లేచి కూర్చున్నాడు.

డాక్టరమ్మ వచ్చి అడిగింది: “గొట్టం ఎవరు మూశారు?”

దామోదర్ భార్య వైపు చూశాడు, కూతురు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు.

“అది... ఆ ముసలాయనే మూసి ఉంటాడు,” అన్నాడు.

నళిని దుప్పటి సర్దింది. అనారోగ్యంగా ఉన్నవాడితో వాదించకూడదని ఊరుకుంది.

ఊరుకోవడం తప్పయింది. మూడు వారాల తర్వాత ట్రాయ్‌లో ఒక ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వంట నాది. భోజనాల దగ్గర దామోదర్ కథ మొదలుపెట్టాడు. ఆవిరి గది, నాలుగో వాయి, గోడలో ఏడుపు, చల్లటి చేతులు... ‘అసలు ఆయన మనిషే కాదండీ’ అన్నాడు. అందరూ వింటున్నారు. నేను వడలు పట్టుకుని నిలబడిపోయాను, వడ్డించడం మరిచి. నాకు అలా ఎప్పుడూ జరగలేదు.

నాకు ఆ రోజే అర్థమైంది, ఆ గదికి ఆ పేరు ఎలా వచ్చిందో. దెయ్యం చేతిలో ఓడిపోతే పరువు పోదు. ఒక ఇనప రేకు చేతిలో ఓడిపోతే పోతుంది.

కథ అయ్యాక తిరుపతయ్య గారు గొంతు సవరించుకున్నారు. పెద్దమనిషి, ఉద్యోగ విరమణ చేసి కొడుకు దగ్గర ఉంటున్నారు. పక్కన ఆయన భార్య రాజేశ్వరమ్మ గారు.

“నాకూ కనిపించిందండీ,” అన్నారు ఆయన మెల్లగా. “ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. క్యారీ అనే ఊళ్ళో ఉన్నప్పుడు కొండల్లో ఒక కేబిన్ తీసుకున్నాం. రాత్రి గదిలో పొయ్యి పక్కనే కుర్చీలో నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి తల దిమ్ముగా ఉంది... చెవుల్లో హోరు... ఎదురుగా తెల్లచీర కట్టుకుని ఒక ఆడమనిషి. నా చొక్కా పట్టుకుని బయటికి ఈడుస్తోంది...”

పిల్లలు తల్లుల దగ్గరికి జరిగారు. దామోదర్ ‘చూశారా!’ అన్నట్టు అందరి వైపు చూశాడు.

నళిని మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

“తిరుపతయ్య గారూ, ఆ రాత్రి పడుకునే ముందు పొయ్యి గొట్టంలో రేకు మూశారా?”

ఆయన చేతిలో వడ సగంలో ఆగింది. భార్య వైపు చూశారు.

“మూశారు,” అంది రాజేశ్వరమ్మ గారు. “ఆ తెల్లచీర నాదే.”